నైలు లాంచీ ఎక్కేముందు: మానేరు, గోదావరి నుంచి అబూ సింబెల్ దాకా విశేషాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. దుబాయి దాకా పోయినవాళ్లకు కైరో ఇంకో నాలుగు గంటల విమానం. నైలు మీద లాంచీలో పోతూ మూడు వేల ఏళ్ల నాటి గుళ్లు చూసి రావాలన్న కోరిక ఉన్నవాళ్లకు చెప్పాల్సిన మాట ఒక్కటే: ముందు నదిని తెలుసుకోండి. గుడి ఎక్కడ లేచిందో, ఏ నెలలో చూడాలో, ఎంతవరకు పడవలో పోవచ్చో, ఎక్కడ దిగి బస్సెక్కాలో తేల్చేది నదే. ఇది నైలుకు ఎంత నిజమో మన గోదావరికి, మానేరుకు, కృష్ణకు అంత నిజం. అందుకే ఈ విశేషాల్లో రెండు ఒడ్లూ కలిసే వస్తాయి.

నీరు ఉత్తరానికి, గాలి దక్షిణానికి

సుమారు 6,650 కిలోమీటర్ల నైలు దక్షిణాన పుట్టి ఉత్తరాన మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. అక్కడి గాలి మాత్రం ఎక్కువ రోజులు ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. దిగువకు పోవాలంటే ప్రవాహానికి వదిలేస్తే చాలు, ఎగువకు రావాలంటే తెరచాప ఎత్తితే చాలు. ఇంత అనువైన నది ఉండబట్టే అస్వాన్ గ్రానైటు వందల కిలోమీటర్ల దూరంలోని గుళ్లకు పడవల మీద చేరింది. పురాతన ఈజిప్టు బొమ్మల లిపిలో దక్షిణ ప్రయాణానికి తెరచాప ఎత్తిన పడవ, ఉత్తర ప్రయాణానికి తెరచాప లేని పడవ గుర్తులు. ఇవాళ్టికీ ఫెలూకా అనే చిన్న పడవలు, దహబియా అనే పెద్ద తెరచాప పడవలు ఆ గాలినే నమ్ముకుని తిరుగుతాయి.

ధర్మపురి దగ్గర గోదావరికీ ఒక ప్రత్యేకత ఉంది. తూర్పు దిక్కుగా సాగే నది ఇక్కడ దక్షిణానికి తిరుగుతుంది. దక్షిణవాహిని అయిన చోట స్నానం విశేషమని భక్తుల నమ్మకం. గుళ్ల ఊరు అక్కడే వెలిసింది.

మృగశిర కార్తె ఇక్కడ, వరద అక్కడ

ఈజిప్టులో వాన లేకుండానే వరద వచ్చేది. ఆ నీళ్లు ఇథియోపియా కొండల మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలవి. కోరుట్ల రైతు మృగశిర కార్తె కోసం ఎదురుచూసే రోజుల్లోనే ఈజిప్టు రైతు నైలు పొంగు కోసం కాచుకునేవాడు. మనం లుబ్ధకుడు అని పిలిచే నక్షత్రం తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనిపిస్తే వరద దగ్గర పడిందని వాళ్ల లెక్క. ఆ పొద్దుతోనే కొత్త సంవత్సరం.

వరద ఎత్తును కొలవడానికి గుళ్లలో మెట్ల బావులు కట్టారు. కొమ్ ఓంబోలో, అస్వాన్ ఎదురుగా ఉన్న ఎలిఫెంటైన్ ద్వీపంలో వాటిని ఇప్పటికీ చూడవచ్చు. నీళ్లు ఎన్ని మెట్లు ఎక్కాయో చూసి ఆ ఏటి పంటను, దాన్ని బట్టి పన్నును అంచనా వేసేవారు. 1970లో అస్వాన్ హైడ్యామ్ పూర్తయ్యాక ఆ పొంగు ఆగిపోయింది. అందుకే ఇప్పుడు ఏడాది పొడవునా లాంచీలు నడుస్తున్నాయి.

ఎండను చూసి నెల ఎంచుకోండి

లక్సర్, అస్వాన్‌లలో వేసవి ఎండ 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే జగిత్యాల వాళ్లకు అది కొత్త కాకపోవచ్చు. కానీ నీడ లేని రాతి ప్రాంగణాల్లో గంటల కొద్దీ నిలబడడం వేరు. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మంచి కాలం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఎడారి చలి ఉంటుంది, స్వెటరు పెట్టుకోవాలి.

మూడు రాత్రులా, నాలుగా?

ఎక్కువమంది వెళ్లే దారి లక్సర్, అస్వాన్‌ల మధ్య సుమారు 200 కిలోమీటర్లు. లక్సర్‌లో ఎక్కితే సాధారణంగా నాలుగు రాత్రులు, అస్వాన్‌లో ఎక్కితే మూడు. లక్సర్ వైపు చూడాల్సినవి ఎక్కువ కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకు నాలుగు రాత్రులే మేలు. తూర్పు ఒడ్డున కర్నాక్, లక్సర్ ఆలయాలు. పొద్దు కుంకే పడమటి ఒడ్డు చనిపోయినవాళ్లది, రాజుల లోయ అటే ఉంది. ఒక రోజు తూర్పుకు, ఒక రోజు పడమరకు ఇవ్వాలి.

దారిలో ఎస్నా దగ్గర లాకులు దాటాలి. ధవళేశ్వరం కాలువల మీద లాకులు చూసినవాళ్లకు పని తీరు వెంటనే అర్థమవుతుంది. తలుపుల మధ్య నీళ్లు నింపి లాంచీని పై మట్టానికి లేపుతారు, లేదా నీళ్లు వదిలి కిందికి దించుతారు. లాంచీలు ఎక్కువుంటే వరసలో ఆగాలి. ఆ రోజు సాయంత్రం మీద వేరే ఏర్పాటేదీ పెట్టుకోకపోవడం మంచిది.

ఒక గుడి, ఇద్దరు దేవుళ్లు

కొమ్ ఓంబో ఆలయాన్ని నడిమికి నిలువుగా గీత గీసినట్టు కట్టారు. రెండు వాకిళ్లు, రెండు గర్భగుళ్లు. ఒకవైపు మొసలి తల సోబెక్, ఇంకోవైపు డేగ తల హోరస్. నదిలో మొసళ్లకు భయపడిన జనం ఆ మొసలికే పూజ చేశారు. అక్కడి మ్యూజియంలో మొసళ్ల మమ్మీలు ఉన్నాయి.

మన గోదావరి మీద కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడి పేర కాళేశ్వరుడు, రెండోది ముక్తేశ్వరుడు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు అది, అంతర్వాహినిగా సరస్వతి కూడా కలుస్తుందని నమ్మకం. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలు అక్కడే జరిగాయి.

దేవుడికీ పడవ కావాలి

కర్నాక్‌లోని అమున్ దేవుడు ఏడాదికోసారి భార్య ముత్‌తో, కొడుకు ఖోన్సుతో కలిసి లక్సర్ గుడికి ఊరేగింపుగా వెళ్లేవాడు. ఇది ఓపెత్ పండుగ. నైలు వరద నెలల్లో జరిగేది. మూడో థుట్మోస్ కాలంలో 11 రోజులు ఉన్న పండుగ మూడో రామ్సెస్ నాటికి 27 రోజులకు పెరిగింది. ఎద్ఫూ గుడికైతే దెందెరా నుంచి హాథోర్ దేవత పడవలో వచ్చేది. అది అక్కడి హోరస్‌తో ఆమె కల్యాణం.

ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో జరుగుతాయి. బ్రహ్మ పుష్కరిణిలో తెప్పోత్సవం, డోలోత్సవం ఉంటాయి. ఉత్సవ విగ్రహాలు తెప్ప మీద కోనేరు చుట్టూ తిరుగుతుంటే మెట్ల మీద, గట్ల మీద జనం కిక్కిరిసి ఉంటారు. ఓపెత్ ఊరేగింపు బొమ్మలు లక్సర్ గుడి గోడల మీద చెక్కి ఉన్నాయి. పడవ, ముందు నడిచే పూజారులు, వాద్యాలు వాయించేవాళ్లు, ఒడ్డున జనం. ధర్మపురి తెప్పోత్సవం చూసినవాళ్లకు ఆ గోడ ముందు గైడ్ అవసరం పెద్దగా ఉండదు.

ధర్మపురిలో యముడు, నైలు ఒడ్డున ఒసైరిస్

యమధర్మరాజుకు గుడి ఉన్న ఊళ్లు అరుదు. ధర్మపురి వాటిలో ఒకటి. ఈజిప్టులో ఆ పీఠం ఒసైరిస్‌ది. చనిపోయినవాడి గుండెను తక్కెడ ఒక పళ్లెంలో, న్యాయదేవత మాత్ ఈకను ఇంకో పళ్లెంలో పెట్టి తూస్తారు. నక్కతల అనూబిస్ తూకం చూస్తాడు, కొంగతల థోత్ లెక్క రాస్తాడు. గుండె బరువెక్కితే పక్కనే కాచుకున్న జంతువు మింగేస్తుంది. రాసే చిత్రగుప్తుడు, తీర్పు చెప్పే ధర్మరాజు తెలిసిన తెలుగువాళ్లకు ఈ బొమ్మ చూడగానే కథ తెలిసిపోతుంది. ఈ తూకం బొమ్మలు పపైరస్ చుట్టల మీద, సమాధి గోడల మీద కనిపిస్తాయి.

కోటిలింగాల: మట్టి కింద రాజధాని

జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఇక్కడ దొరికిన పాత నాణేలను సేకరించి శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రికి చూపించారు. వాటి మీద గోభద్ర, సామగోప, నారన వంటి అంతవరకు ఎవరికీ తెలియని రాజుల పేర్లున్నాయి. అన్నిటికన్నా విలువైనది చిముక సాతవాహనుడి నాణెం. పురాణాలు సాతవాహనుల మూలపురుషుడిగా చెప్పే శ్రీముఖుడు ఇతడేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆ పేరు నాణెం మీద దొరకడంతో దక్కన్ చరిత్ర చర్చ కోటిలింగాల వైపు తిరిగింది. సాతవాహనుల తొలి రాజధాని ఇదేనని వాదించేవాళ్లున్నారు.

1979లో వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. మట్టికోట, ఇటుక గోడలు, బావులు బయటపడ్డాయి. ఆంధ్రులకు 30 ప్రాకారాల నగరాలున్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అలాంటి నగరాల్లో ఒకటిగా కోటిలింగాలను లెక్కపెట్టడానికి ఈ కోటే ఆధారం. ఇప్పుడు శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి. ఒడ్డు మీద కోటేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే కనుచూపు మేర నీళ్లే.

ఎర్ర సముద్రం ఒడ్డున సాతవాహన నాణెం

ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే అనే పాత రేవు ఉంది. 2022 జనవరిలో అక్కడి ఐసిస్ దేవత గుడి ముంగిట 71 సెంటీమీటర్ల బుద్ధ విగ్రహం దొరికింది. మధ్యధరా ప్రాంతపు పాలరాతిలో చెక్కిన విగ్రహం అది. అదే చోట క్రీ.శ. మూడో శతాబ్దపు సంస్కృత శాసనం, రెండో శతాబ్దపు సాతవాహన నాణేలు రెండు కూడా దొరికాయని 2023లో ప్రకటించారు. గోదావరి తీరం నుంచి ఎదిగిన రాజవంశం సొమ్ము నైలు దేశపు గుడిలో తేలింది.

మన దేశపు సరుకు నైలు మీద కూడా ప్రయాణించింది. బెరెనికేలో దింపిన మూటలు ఒంటెల మీద 12 రోజులు ఎడారి దాటి కోప్టోస్ చేరేవని ప్లినీ రాశాడు. అక్కడినుంచి అలెగ్జాండ్రియా దాకా పడవలే. కోప్టోస్ ఉన్నది లక్సర్‌కు ఉత్తరాన, నైలు ఒడ్డునే. ఈజిప్టు నుంచి ఇటు బయల్దేరే ఓడలు లుబ్ధక నక్షత్రం కనిపించే రోజులకు అటూఇటూగా తెరచాప ఎత్తేవి. నైలుకు వరద చెప్పిన చుక్కే ఓడలకు ముహూర్తం చెప్పింది.

ఫారో ముక్కులో మిరియాలు

క్రీ.పూ. 1213లో చనిపోయిన రెండో రామ్సెస్ మమ్మీ ముక్కు రంధ్రాల్లో మిరియపు గింజలు దొరికాయి. మిరియాలు పుట్టింది మన దేశపు పడమటి కనుమల్లో. బెరెనికే గుడి దగ్గరైతే భారతీయ కుండలో ఏడు కిలోలకు పైగా మిరియాలు బయటపడ్డాయి. అబూ సింబెల్‌లో 20 మీటర్ల విగ్రహాలుగా కూర్చున్న రాజు రామ్సెసే. ఆయన ముందు నిలబడినప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పండి, బాగా గుర్తుంటుంది.

సిరిసిల్ల నేతన్న చూడాల్సిన బొమ్మ

ఈజిప్టు బట్ట అవిసె నారది. పత్తి అక్కడికి చాలా ఆలస్యంగా వచ్చింది. తర్ఖాన్ సమాధుల్లో దొరికిన నార అంగీ వయసు అయిదు వేల ఏళ్లు పైబడింది. ప్రపంచంలో మిగిలిన నేసిన దుస్తుల్లో అదే అతి పాతదని లెక్క. ఇప్పుడు లండన్‌లోని పీట్రీ మ్యూజియంలో ఉంది.

1920లో లక్సర్ పడమటి ఒడ్డున మెకెత్రే అనే అధికారి సమాధిలో కొయ్య బొమ్మల గదులు దొరికాయి. వాటిలో ఒకటి నేత శాల. నేల మీద పరిచిన మగ్గాల దగ్గర ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరు నిలబడి నూలు వడుకుతున్నారు. గోడకు కొట్టిన మేకుల మీద పడుగు సాగదీస్తున్నవాళ్లు ఇంకొందరు. నాలుగు వేల ఏళ్ల కిందటి ఈ చిన్న గది కైరోలో ఉంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్ల నుంచి వెళ్లినవాళ్లు టుటన్‌ఖామున్ బంగారు ముసుగు ముందు గుంపులో నిలబడే సమయంలో కొంత ఈ బొమ్మకు ఇవ్వాలి. ఎవరి చేయి ఏ పని చేస్తోందో చెప్పగలిగేది వాళ్లే. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఈజిప్టు గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్, మసాలియా అనే తీరంలో సన్నని బట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. అది మన మచిలీపట్నం తీరం.

మూడు లిపుల రాయి, మూడు భాషల కొండ

రొసెట్టా శిల క్రీ.పూ. 196 నాటిది. ఒకే ఆజ్ఞను మూడు లిపుల్లో చెక్కడం వల్ల 1822లో షాంపోలియన్ ఈజిప్టు బొమ్మల లిపిని చదవగలిగాడు. బొమ్మల లిపిలో చివరి శాసనం క్రీ.శ. 394 నాటిది. అది అస్వాన్ దగ్గరి ఫిలే గుడిలో ఉంది. లాంచీ యాత్రలో దాన్ని చూడవచ్చు.

జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో గంగాధర దగ్గర కురిక్యాల ఉంది. అక్కడి బొమ్మలగుట్ట రాతి ముఖం మీద చక్రేశ్వరి, జైన తీర్థంకరుల విగ్రహాలు, వాటి దిగువన శాసనం. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945లో చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే రాతి మీద ఉన్నాయి. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. నన్నయకు నూరేళ్ల ముందు కందం ఇంత చక్కగా నడిచిందని చూపే సాక్ష్యం ఇది. పంపడికి ఆశ్రయమిచ్చిన రెండో అరికేసరి వేములవాడ చాళుక్యుడు. వేములవాడలో రాజన్న దర్శనానికి వచ్చి, కోడె మొక్కు చెల్లించి, భీమేశ్వరాలయం చూసి తిరిగి వెళ్లేవాళ్లు కురిక్యాలకు కూడా ఒక పూట కేటాయించాలి.

నెపోలియన్ ఈజిప్టులో దిగితే

నెపోలియన్ 1798 జులైలో ఈజిప్టులో దిగాడు. ఫ్రెంచివాళ్లు భారతదేశం దాకా వస్తారన్న భయం ఇంగ్లీషువాళ్లకు పట్టుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో నిజాంతో ఒప్పందం చేసుకుని, అక్టోబరులో హైదరాబాదులోని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. ఫ్రెంచి పనితనం ఈ ప్రాంతానికి అంతకుముందే వచ్చింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టిన జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. పేటలో నడుస్తూ చూస్తే ఆ ఆకారం తెలియదు, ఉపగ్రహ మ్యాపులో స్పష్టంగా కనిపిస్తుంది.

అబూ సింబెల్ కన్నా ముందు నాగార్జునకొండ

ఆనకట్ట నీళ్ల నుంచి గుళ్లను కాపాడిన కథ అనగానే ప్రపంచానికి అబూ సింబెల్ గుర్తొస్తుంది. తెలుగు నేల మీద ఆ పని ముందే మొదలైంది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు. కృష్ణా లోయలో నాగార్జునకొండ దగ్గరి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ లోయనంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండ మీద మళ్లీ పేర్చారు. మరికొన్నిటి నమూనాలు అనుపు దగ్గర ఒడ్డున కట్టారు. ఆ కొండ ఇప్పుడు ద్వీపం. మ్యూజియానికి లాంచీలోనే వెళ్లాలి. పురాతన కట్టడాల కోసం నీళ్ల మీద ప్రయాణం చేయాలనుకునే తెలుగువాళ్లకు ఇంతకన్నా దగ్గర పాఠం లేదు.

అబూ సింబెల్: వెయ్యి ముక్కల కొండ

యునెస్కో 1960 మార్చి 8న ప్రపంచ దేశాలను సాయం అడిగింది. 1964 నుంచి 1968 దాకా రెండు గుళ్లను వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి, సుమారు 200 మీటర్ల వెనక్కి జరిపి మళ్లీ నిలబెట్టారు. ఒక్కో ముక్క బరువు 30 టన్నుల దాకా ఉంది. ఏటా రెండుసార్లు, ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న ఉదయపు ఎండ గర్భగుడి దాకా పోతుంది. అక్కడ కూర్చున్న నాలుగు విగ్రహాల్లో మూడిటి మీద పడుతుంది. చీకటికి సంబంధించిన ప్తా దేవుడు మాత్రం నీడలోనే ఉంటాడు. గుడి జరగక ముందు ఈ ఎండ ఒక రోజు ముందు వచ్చేది. ఆ తేదీల్లో జనం విపరీతం, ప్రశాంతంగా చూడాలంటే వేరే రోజు ఎంచుకోండి.

హైడ్యామ్ అడ్డం కాబట్టి లక్సర్ లాంచీ అబూ సింబెల్ పోదు. అస్వాన్ నుంచి రోడ్డు మీద సుమారు 280 కిలోమీటర్లు, తెల్లవారుజామునే బయల్దేరతారు. లేదంటే నాసర్ సరస్సు మీద తిరిగే వేరే లాంచీ ఎక్కాలి.

పట్టాల మీద నడిచిన గుడి

నాసర్ సరస్సు లాంచీ ఆగే అమాదా గుడిని ముక్కలు చేస్తే గోడల మీది రంగులు పోతాయని, గుడిని గుడిగానే పట్టాల మీద రెండున్నర కిలోమీటర్లకు పైగా జరిపారు. సాయం చేసిన దేశాలకు ఈజిప్టు చిన్న గుళ్లను కానుకగా ఇచ్చింది. దెబోద్ గుడి మాడ్రిడ్‌లో, దెందూర్ గుడి న్యూయార్క్‌లో ఉన్నాయి. మన దగ్గర శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపూర్ తెచ్చి నిలబెట్టారు.

మానేరు నీళ్ల నడుమ దత్తాత్రేయుడు

సిరిసిల్ల జిల్లా మన్వాడ దగ్గర కట్టిన మధ్యమానేరు రిజర్వాయరు సామర్థ్యం సుమారు 27 టీఎంసీలు. కొదురుపాక, చింతల్‌ఠాణా, చీర్లవంచ, రుద్రవరం, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్లు దాని కింద మునిగాయి. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయస్వామి గుడి మాత్రం మిగిలింది. నీళ్లు నిండినప్పుడు గుట్ట చుట్టూ సరస్సే, భక్తులు బోటులో వెళ్తారు. ఫిలే ఐసిస్ గుడికి కూడా బోటులోనే వెళ్లాలి. 1972 నుంచి 1980 దాకా దాన్ని పక్కనున్న అగిల్కియా ద్వీపానికి తరలించారు.

ఇక్కడ ఒక మాట మరవకూడదు. గుళ్లను తరలించారు సరే, మనుషుల మాటేమిటి? హైడ్యామ్ వల్ల ఈజిప్టులో సుమారు 50,000 మంది నూబియన్లు ఊళ్లు వదిలారు. వాళ్లలో ఎక్కువమందిని కొమ్ ఓంబో చుట్టుపక్కల కట్టిన కాలనీలకు పంపారు. లాంచీ దిగి మనం గుడి చూసే ఆ ఊరు వాళ్ల పునరావాసం కూడా. మధ్యమానేరు ముంపు ఊళ్ల వాళ్లకు ఆ బాధ ఎవరూ వివరించనక్కర్లేదు. ఇల్లు, పొలం, పుట్టిన వాడకట్టు నీళ్ల కింద ఉన్నవాళ్ల త్యాగం మీదే ఈ లాంచీ యాత్రలన్నీ నడుస్తున్నాయి.

కొన్ని నెలలే కనిపించే గుడి

కృష్ణలో తుంగభద్ర, భవనాశి వంటి నదులు కలిసే సంగమేశ్వరం గుడి శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోతుంది. నీళ్లు తగ్గాక వేసవిలో బయటపడుతుంది. అందులోది వేపచెక్క లింగం. సోమశిల నుంచి పడవలో వెళ్లేవాళ్లున్నారు. బయల్దేరే ముందు జలాశయం మట్టం కనుక్కోకపోతే వెళ్లి నీళ్లు చూసి రావాల్సి వస్తుంది.

మన నదుల మీద ఒక రోజు

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా సుమారు 110 కిలోమీటర్ల లాంచీ యాత్రను తెలంగాణ పర్యాటక సంస్థ నడుపుతుంది. నల్లమల కొండల మధ్య దాదాపు పగలంతా పడుతుంది. జలాశయంలో తగినంత నీరుంటేనే నడుస్తుంది కాబట్టి వానాకాలం చివర, చలికాలం మొదట్లో అవకాశం ఎక్కువ. గోదావరి మీద పాపికొండల యాత్ర ఇంకొకటి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో బోటు మునిగి ఎంతోమంది ప్రాణాలు పోయాయి. నైలు అయినా గోదావరి అయినా నియమం ఒకటే: అనుమతి ఉన్న బోటే ఎక్కండి, ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోండి, వరద ఉన్న రోజున యాత్ర మానుకోండి.

యాత్ర లెక్క నేర్పినవాళ్లు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పెద్ద పరివారం, పల్లకీలు, గుడారాలు. గంగ మీద పడవల్లో కూడా ప్రయాణం చేశాడు. ఎక్కడ నీళ్లు మంచివో, ఎక్కడ బియ్యం దొరుకుతాయో, ఏ మజిలీలో నీడ ఉందో రాసిపెట్టాడు. 1869లో థామస్ కుక్ మొదటి నైలు యాత్ర నడపడానికి ముప్పై ఏళ్లకు పైగా ముందే యాత్ర ఎలా ప్రణాళిక వేసుకోవాలో తెలుగు పుస్తకంలో ఉంది.

మమ్మీని చూడడానికి కైరో దాకా పోనక్కర్లేదు

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాంకు ఇవ్వగా, అది మ్యూజియానికి చేరింది. ప్రయాణానికి ముందు పిల్లలకు చూపిస్తే చాలా ప్రశ్నలు ఇక్కడే మొదలవుతాయి. కైరోలో 2025 నవంబరు 1న గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం పూర్తిగా తెరుచుకుంది. టుటన్‌ఖామున్ సమాధి వస్తువులన్నీ మొదటిసారి ఒకే చోట ఉన్నాయి. దానికి ఒక రోజంతా ఇవ్వండి.

ప్రయాణపు చిట్టా

పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండాలి. వీసా నిబంధనలు ఈజిప్టు ఎంబసీ నుంచే తెలుసుకోవాలి. గల్ఫ్‌లో ఉండేవాళ్లకు నియమాలు వేరుగా ఉండవచ్చు. టికెట్టు కొనేముందు అబూ సింబెల్ ప్యాకేజీలో ఉందా లేదా, గుళ్ల ప్రవేశ రుసుము కలిపారా, గైడ్ ఏ భాషలో చెబుతాడు అన్నవి రాతపూర్వకంగా అడగండి. చాలా గుళ్ల దగ్గర టికెట్టుకు కార్డే తీసుకుంటారు. బక్షీసు ఇవ్వడం అక్కడ ఆనవాయితీ, చిల్లర నోట్లు దగ్గరుంచుకోవాలి. శాకాహారులు భయపడనక్కర్లేదు. అన్నం, పప్పు, మాకరోనీ కలిపే కోషరీ, బాకలా గింజల ఫూల్, వాటితోనే చేసే తామియా వడలు ఎక్కడైనా దొరుకుతాయి.

సాధన ఇంటి దగ్గరే

నైలుకు వెళ్లే ముందు రెండు రోజులు మన నదుల మీద తిరగండి. మొదటి రోజు కోరుట్ల నుంచి జగిత్యాల కోట, ఒకప్పుడు మేడరాజు రాజధాని అయిన పొలాస పౌలస్తేశ్వరాలయం, ధర్మపురి, పొద్దు వాలేలోపు కోటిలింగాల. రెండో రోజు కురిక్యాల బొమ్మలగుట్ట, వేములవాడ, నీళ్లుంటే వరదవెల్లి, చివర సిరిసిల్ల మగ్గాలు. ఏ చోటికైనా మూడు ప్రశ్నలు రాసుకోండి: గుడి ఇక్కడే ఎందుకుంది? నీళ్లు ఎటు పోతున్నాయి? ఆనకట్ట ఏం మార్చింది? ఈ మూడిటికి జవాబులు వెతకడం అలవాటైతే కర్నాక్‌లో 134 స్తంభాల మంటపం కూడా మనకు మాట చెబుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ధర్మపురికి లక్షల మంది వస్తారు. అప్పటికి కోటిలింగాల మట్టికోట ముందు చరిత్ర చెప్పే మంచి బోర్డు, చదివి వివరించగల మన ఊరి యువకులు, స్కూలు పిల్లలకు ఏటా ఒక యాత్ర ఉండాలి. నాగార్జునకొండను నీళ్లు రాకముందే తవ్వి, కొండ మీదికి చేర్చి నిలబెట్టుకున్న తెలుగువాళ్లకు ఇది చేతకాని పని కాదు. బెరెనికేలో దొరికిన రెండు నాణేలకు ప్రపంచం ఇచ్చిన గౌరవం, ఆ వంశపు తొలి నాణెం దొరికిన ఊరికి మనం ఇవ్వాలి.